తలుపేసుకుని చూసే పాటల పోటీ

తార్నాక చౌరస్తా నుంచి ఎటు నడిచినా ఏదో ఒక చదువుల గేటు ఎదురవుతుంది. ఒక పక్క 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాని ఇరుగుపొరుగున ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, మనం తినే తిండి లెక్కలు తేల్చే జాతీయ పోషకాహార సంస్థ, మందుల రసాయనాలకు పేరుపడ్డ ఐఐసీటీ. హబ్సిగూడ వైపు వెళ్తే భూమి పొరల సంగతి చూసే ఎన్‌జీఆర్‌ఐ, జన్యువుల సంగతి చూసే సీసీఎంబీ. దేశంలో ఇంతమంది పరిశోధకులు ఒకే బస్టాపులో దిగే చోట్లు తక్కువ.

వాళ్ళలో ఎవరినైనా ఆపి, రాత్రి టీవీలో ఏం చూశారని అడగండి. మ్యాచ్ చూశామంటారు. వార్తలు చూశామంటారు. కాస్త జంకు లేనివాళ్ళు వెబ్ సిరీస్ పేరు చెబుతారు. పాటల పోటీ చూశామని తమంతట తాము చెప్పేవాళ్ళు అరుదు. మాట మధ్యలో దొరికిపోతే మాత్రం, "ఇంట్లో మావాళ్ళు పెట్టుకున్నారండీ, అలా ఓ కన్నేశాను" అని తప్పించుకుంటారు. టీ గ్లాసు సగమయ్యేలోపు, "అయినా ఆ వైజాగ్ అమ్మాయిని ఎలిమినేట్ చెయ్యడం అన్యాయమండీ. చరణంలో ఒక్క సంగతి జారిందంతే" అని వాళ్ళే మొదలుపెడతారు. ఒక్క కన్ను వేసినవాళ్ళకు చరణంలో జారిన సంగతి ఎలా తెలిసిందని అడగడం మర్యాద కాదు.

ఈ అధ్యాయం ఆ సగం టీ గ్లాసు గురించి. పాటల పోటీ మనల్ని ఎందుకు కట్టిపడేస్తుంది? కట్టిపడేసిన దాన్ని ఒప్పుకోవడానికి మనకెందుకు సిగ్గు? రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు చెవుల వెనక, మెదడు లోతుల్లో ఉంది. రెండోదానికి జవాబు మన చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది.

పోటీలోంచే వచ్చిన గొంతు

పాటల పోటీలు తెలుగువాళ్ళకు టీవీతో పుట్టినవి కావు. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో, ఇంజనీరింగ్ చదువు కోసం ఆ ఊరు చేరిన ఒక నెల్లూరు జిల్లా కుర్రాడు మొదటి బహుమతి కొట్టాడు. సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి చెవిన ఆ గొంతు పడింది. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమా కోసం అది తొలిపాట పాడింది. ఆ కుర్రాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

1995 ఆగస్టులో ఈటీవీ మొదలైంది. మరుసటి ఏడాదే 'పాడుతా తీయగా' వచ్చింది. వేదిక మీద, ఒకప్పుడు పోటీలో గెలిచిన ఆ బాలుగారే. పాట అయ్యాక రాసిందెవరో, బాణీ కట్టిందెవరో, సినిమాలో ఆ సందర్భం ఏమిటో ఆయన చెప్పేవారు. ఎక్కడ ఉచ్చారణ తప్పిందో, ఎక్కడ ఊపిరి చాలలేదో విడమరిచేవారు. ఒక్కోసారి ఆ పంక్తి తానే పాడి చూపేవారు. ఇంట్లో కూర్చున్నవాడికి అది పోటీ, పాఠం, కబుర్లు మూడూ కలిసిన గంట. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక, 2021 డిసెంబరు నుంచి కొడుకు ఎస్.పి. చరణ్ ఆ కార్యక్రమాన్ని అందుకున్నారు.

రెండో రకం పోటీ ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 2001లో 'పాప్ ఐడల్', 2002లో అమెరికాలో 'అమెరికన్ ఐడల్', 2004 అక్టోబరులో మన దగ్గర 'ఇండియన్ ఐడల్'. ఇందులో పాటతో పాటు పాడేవాడి కథ, కన్నీళ్ళు, జడ్జిల గొడవ, జనం ఓటు కూడా సరుకే. 2006లో హైదరాబాదు కుర్రాడు కారుణ్య ఫైనల్ దాకా వెళ్ళి రెండో స్థానంలో నిలిచాడు. అప్పట్లో ఎస్సెమ్మెస్‌లు పంపని తెలుగు ఇల్లు ఉందా అన్నట్టుండేది. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ఆ టైటిల్ గెలిచారు. 2022లో 'ఆహా' తెలుగులోనే ఐడల్ పెట్టింది. దానికి యాంకర్ శ్రీరామచంద్ర, గెలిచింది వాగ్దేవి.

ఈ ఏళ్ళలో చూసే పద్ధతి కూడా మారింది. 1990లలో హాస్టల్‌కు ఒకటే టీవీ. ముందు బెంచీల మీద పది మంది, వెనక నిలబడి ఇరవై మంది, వార్తలకా పాటలకా అని రిమోట్ దగ్గర తగాదా. అక్కడ దాపరికానికి చోటు లేదు. ఇవాళ ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళవి. ల్యాబులో రసాయనాలు విడదీసే కాలమ్ వేసి, చుక్క చుక్కా దిగేదాకా కాచుకుని కూర్చున్న రీసెర్చ్ స్కాలర్ ఏం చూస్తున్నాడో పక్క బెంచీవాడికి తెలియదు. సరదా పాతదే. చాటు మాత్రం కొత్తది.

ఒళ్ళు గగుర్పొడిచే చోటు

పాట వింటూంటే ఒక్కోచోట చేతుల మీద రోమాలు లేచి నిలబడతాయి. వెన్నులోంచి చలి పాకినట్టవుతుంది. 1980లో అమెరికాలో ఎవ్రమ్ గోల్డ్‌స్టీన్ అనే ఔషధ శాస్త్రవేత్త దీన్ని వదలకుండా పట్టుకున్నాడు. మెదడులో సహజంగా ఊరే, నల్లమందు లాంటి పదార్థాలను అడ్డుకునే నలోక్సోన్ అనే మందును కొందరికి ఇచ్చి, వాళ్ళకు నచ్చిన పాటలే వినిపించాడు. పది మందిలో ముగ్గురికి ఆ గగుర్పాటు తగ్గింది. చిన్న ప్రయోగమే. కాని పాట తెచ్చే పులకింత వెనక రసాయనం ఉందని, దాన్ని మందుతో తాకవచ్చని అది చూపింది.

1991లో ఇంగ్లండులో జాన్ స్లొబోడా 83 మందిని అడిగాడు, పాటలో సరిగ్గా ఏ చోట మీకిలా అవుతుందని. జవాబుల్లో ఒక వరస కనిపించింది. స్వరాల కూర్పు ఉన్నట్టుండి మలుపు తిరిగిన చోట ఒళ్ళు జలదరిస్తుంది. దిగాల్సిన స్వరం మీద వెంటనే దిగకుండా, పక్క స్వరం మీద కాసేపు నిలిచి ఊరించిన చోట గొంతులో ఉండ కడుతుంది, కళ్ళు చెమ్మగిల్లుతాయి. మన సుగమ సంగీతం వినేవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. చరణం చివర గొంతు పైస్థాయికి ఎగబాకి, అక్కడ నిలిచి, వాయిద్యాలు ఒక్క క్షణం ఆగి, పల్లవి మొదటి మాట మీద మళ్ళీ వాలే చోటు మనందరికీ తెలుసు. అక్కడే హాల్లో చప్పట్లు పడతాయి.

2011లో కెనడాలోని మాంట్రియల్‌లో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం మెదడులోకే తొంగిచూసింది. పాట వింటున్నప్పుడు డోపమిన్ అనే మెదడు రసాయనం ఎక్కడ, ఎప్పుడు విడుదలవుతుందో స్కానింగ్‌తో పట్టారు. తేలిన విషయం ఆశ్చర్యమైనది. గగుర్పాటు వచ్చే క్షణంలో మెదడు లోపల న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలో డోపమిన్ పెరిగింది. అంతకు కొన్ని సెకన్ల ముందే, ఆ చోటు రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడే, కాడేట్ అనే మరో భాగంలో పెరిగింది. అంటే మెదడు పాటను రెండుసార్లు అనుభవిస్తుంది. వస్తుందని ఒకసారి, వచ్చిందని ఒకసారి.

ఇక్కడి నుంచి ఒక అడుగు ముందుకేద్దాం. రేడియోలో పాత పాట వస్తే ఏం జరుగుతుందో మనకు ముందే తెలుసు. ఘంటసాల పైస్థాయి అందుకుంటారా లేదా అన్న బెంగ ఎవరికీ ఉండదు. ఎన్నడూ వినని కొత్త పాటకైతే ఎదురుచూడ్డానికి ఆధారమే లేదు. పాటల పోటీ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. పాట మనకు కంఠతా వచ్చు. పాడే పిల్ల కొత్తది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ నిలవాలో, ఎక్కడ దిగాలో మనకు తెలుసు. ఈ పిల్ల ఎక్కగలదో లేదో తెలియదు. ఆ పిల్ల ఆ స్వరం దగ్గరికి వస్తూంటే సోఫాలో కూర్చున్న మనం ఊపిరి బిగబట్టడం అందుకే. తెలిసిన దారి, తెలియని నడక. ఎదురుచూపు నుంచి ఆనందం పిండుకునే మెదడుకు ఇంతకన్నా సరిపోయిన ఏర్పాటు లేదు.

అందరికీ ఒకేలా ఉండదన్నది కూడా నిజం. కొద్దిమందికి చెవులు బాగానే ఉంటాయి, స్వరాల తేడా తెలుస్తుంది, మిగతా సుఖాలన్నీ తెలుస్తాయి, పాట మాత్రం ఏమీ చెయ్యదు. 2014లో బార్సిలోనా పరిశోధకులు అలాంటివాళ్ళను వివరంగా పరీక్షించి చూశారు. మీ ఇంట్లో పాటల పోటీ పెట్టగానే లేచిపోయేవారుంటే అది రసహీనత కాకపోవచ్చు. వాళ్ళ మెదడు తీరే అది కావచ్చు.

"బ్రేక్ తర్వాత చూద్దాం"

ఫైనల్‌లో ఇద్దరు మిగిలారు. యాంకర్ కవరు చింపాడు. కాగితం చూశాడు. తలెత్తి చిరునవ్వు నవ్వాడు. డప్పు మోత పెరిగింది. అమ్మానాన్నల ముఖాలు చూపించారు. జడ్జిలు కళ్ళు మూసుకున్నారు. "విజేత ఎవరో..." అని, బ్రేక్. ఇంట్లో అందరూ తిట్టుకుంటారు. ఒక్కరూ ఛానెల్ మార్చరు.

2003లో క్రిస్టఫర్ ఫియరిల్లో, ఫిలిప్ టోబ్లర్, వుల్‌ఫ్రామ్ షుల్ట్‌జ్ కోతుల మీద చేసిన ఒక ప్రయోగం దీనికి దగ్గరగా వస్తుంది. తెర మీద ఒక బొమ్మ కనిపిస్తే కాసేపటికి పళ్ళరసం తప్పకుండా వస్తుంది. ఇంకో బొమ్మ కనిపిస్తే ఎప్పటికీ రాదు. మరికొన్నిటికి వచ్చే అవకాశం పావు వంతో, సగమో, ముప్పావు వంతో ఉంటుంది. బొమ్మకూ రసానికీ మధ్య ఎదురుచూసే ఆ కొద్ది సెకన్లలో డోపమిన్ కణాల సందడి క్రమంగా పెరుగుతూ పోయింది. ఆ పెరుగుదల అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది సగం అవకాశం ఉన్నప్పుడు. తప్పక వస్తుందన్నా, రానే రాదన్నా అది కనిపించలేదు.

కోతికి పళ్ళరసం, మనకు ఫలితం ఒకటి కావు. అయినా ఫైనల్లో ఇద్దరినే మిగల్చడం, వాళ్ళలో ఎవరైనా గెలవొచ్చనిపించేలా ప్రోమోలు కత్తిరించడం, సరిగ్గా ఆ నిమిషంలోనే ప్రకటనలు వెయ్యడం చూస్తే, టీవీవాళ్ళు ఏ జర్నలూ చదవకుండానే ఈ సంగతి కనిపెట్టారని ఒప్పుకోవాలి. మనకు గుర్తుండేది గెలిచిన పాట కన్నా గెలుపు చెప్పేముందటి ఎదురుచూపే కావడం కాకతాళీయం కాదు.

పాడలేని చెవి

"శ్రుతి పోయింది" అన్న మాట హాస్టల్ టీవీ గదిలో వినిపించినంతగా సంగీత కళాశాలలో కూడా వినిపించదు. అన్నవాడు స్నానాల గదిలో తప్ప ఎక్కడా పాడడు. పాడితే పక్క గదివాడు తలుపు కొడతాడు. మరి వాడికి తీర్పు చెప్పే అర్హత ఎక్కడిది?

సైన్సు వాడి పక్షమే. 2007లో పీటర్ ఫోర్‌డ్రెషర్, స్టీవెన్ బ్రౌన్ కొలిచిచూస్తే, శ్రుతిలో పాడలేనివాళ్ళు నూటికి 10 నుంచి 15 మంది తేలారు. వాళ్ళలో ఎక్కువమందికి స్వరాల తేడా వినడంలో ఏ లోపమూ లేదు. చెవి సరిగ్గానే వింటుంది. విన్నదాన్ని గొంతు కండరాలకు ఆజ్ఞగా మార్చే చోటే తేడా వస్తోంది. పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్ళు ఇంకా తక్కువ. 2017లో ఇసబెల్ పెరెట్జ్, డొమినిక్ వువాన్ వేసిన అంచనా ప్రకారం నూటికి ఒకటిన్నర మంది. ఆ లెక్కన మీ ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ జడ్జిలుగా పనికొస్తారు.

కొలత ఏమిటో కూడా చూద్దాం. ఒక షడ్జమం నుంచి పై షడ్జమం దాకా 12 స్వరస్థానాలు. ఒక స్థానానికీ దాని పక్క స్థానానికీ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక సెంట్ అంటారు. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఎల్లిస్ పెట్టిన కొలత ఇది. సెకనుకు 440 సార్లు కంపించే స్వరానికి కింది స్వరస్థానం సుమారు 415 దగ్గర ఉంటుంది. అంటే నూరు సెంట్లకు 25 కంపనాల తేడా. అందులో నాలుగో వంతు, ఆరు కంపనాలు, తగ్గినా చాలామంది చెవికి "ఎక్కడో ఏదో తేడాగా ఉందే" అనిపిస్తుంది. పేరు చెప్పలేకపోవచ్చు. ముఖం మాత్రం చిట్లుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 2012లో షాన్ హచిన్స్ బృందం గొంతుతో పాడిన స్వరాలనూ, వయొలిన్ మీద వాయించిన స్వరాలనూ కొద్దికొద్దిగా తప్పుశ్రుతిలోకి జరుపుతూ వినిపించింది. వయొలిన్‌కు వెంటనే తప్పు పట్టినవాళ్ళే, అంతే తేడా గొంతులో ఉంటే సరేనన్నారు. మనిషి గొంతుకు మనం మార్కులు ఉదారంగా వేస్తాం. "శ్రుతి పోయింది" అని నోటితో అంటున్నా, నిజానికి మన చెవి పాడేవాళ్ళ పట్ల జాలిగలదే.

ఈ తీర్పులు చెప్పడంలోనే ఒక సుఖం ఉంది. కళలో తీర్పు చెప్పే అవకాశం మామూలు మనిషికి దొరకదు. చిత్రకళా ప్రదర్శనలో నోరు విప్పడానికి భయం. కచేరీలో తాళం వెయ్యడానికి కూడా పక్కవాణ్ణి చూడాలి. సినిమా పాట దగ్గర మాత్రం ప్రతివాడికీ ఇరవై ముప్పై ఏళ్ళ అనుభవం. ఆ అనుభవానికి టీవీవాడు కుర్చీ వేస్తాడు. మనం చెప్పిన మార్కులు, జడ్జి వేసిన మార్కులు కలిస్తే లోపల చిన్న పండగ.

కన్ను చెవిని మింగితే

చెవి అంత మంచిదైతే తీర్పులు ఎందుకు తప్పుతాయి? చెవి ఒక్కటే తీర్పు చెప్పదు కనక.

2013లో చియా-జంగ్ సాయ్ అనే పరిశోధకురాలు (తనూ పియానో విద్వాంసురాలే) అంతర్జాతీయ సంగీత పోటీల్లో మొదటి ముగ్గురి ప్రదర్శనల నుంచి చిన్న ముక్కలు తీసుకుంది. కొందరికి ధ్వని మాత్రమే వినిపించింది, కొందరికి ధ్వని తీసేసి బొమ్మ మాత్రమే చూపించింది, కొందరికి రెండూ ఇచ్చింది. ముగ్గురిలో గెలిచిందెవరో చెప్పమంది. కళ్ళు మూసుకుని చెప్పినా మూడింట ఒకసారి సరిపోవాలి. ధ్వని మాత్రమే విన్నవాళ్ళు ఆ మూడో వంతు కూడా దాటలేదు. మూగబొమ్మ చూసినవాళ్ళు సుమారు సగం సార్లు సరిగ్గా చెప్పారు. సంగీత విద్వాంసులను పెట్టి చూసినా అంతే. అసలు తమాషా, ముందుగా అడిగితే దాదాపు అందరూ ధ్వనే ముఖ్యమన్నారు.

దీన్నిబట్టి సంగీతం ఉత్త వేషమని తేల్చకూడదు. ఫైనల్‌కు చేరిన ముగ్గురూ ఉద్దండులే. ధ్వనిలో తేడా నలుసంత. అలాంటప్పుడు తూనిక కంటి వైపు మొగ్గుతుంది. మన టీవీ పోటీల్లో చివరి వారాలు సరిగ్గా అలాంటివే. మొదట్లో వందలమందిలోంచి పదిమందిని చెవితో ఏరవచ్చు. పదిమందిలోంచి ఒకరిని ఏరడానికి వచ్చేసరికి నవ్వు, నిలబడే తీరు, లైట్లు, పట్టుచీర, వాళ్ళ ఊరి మీద తీసిన మూడు నిమిషాల వీడియో అన్నీ పాటలో కలిసిపోతాయి.

వరస కూడా లెక్కలోకి వస్తుంది. బెల్జియంలోని క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీలో ఫైనల్‌కు చేరినవాళ్ళు ఏ రోజు వాయించాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. 1996లో రెనాటో ఫ్లోరెస్, విక్టర్ గిన్స్‌బర్గ్ ఆ ఫలితాలను గణితంతో పరీక్షించారు. మొదటి రోజు వాయించినవాళ్ళు వెనకబడుతున్నారని తేలింది. చీటీ అదృష్టానికీ ప్రతిభకూ సంబంధం ఉండకూడదు కదా. ఐడల్ పోటీల మీద 2010లో లయొనెల్ పేజ్, కేటీ పేజ్ చేసిన అధ్యయనంలో కూడా ఆ వారం ఎపిసోడ్ చివర్లో పాడినవాళ్ళకు మొగ్గు కనిపించింది. టీవీలో బాగా పాడేవాణ్ణి నిర్మాతలే చివరికి దాచుకోవచ్చు కాబట్టి, చీటీలు తీసే పోటీ సాక్ష్యమే గట్టిది. పెళ్ళిచూపుల్లో మొదటి సంబంధం ఎంత మంచిదైనా "ఇంకో రెండు చూద్దాం" అని పెద్దలు అనుకున్నట్టే, మొదటి గొంతుకు జడ్జిలు పది మార్కులు దాచుకుంటారు.

ఇది కేవలం ముచ్చట కాదు. అదే బెల్జియం పోటీ మీద 2003లో గిన్స్‌బర్గ్, యాన్ వాన్ ఊర్స్ మరో సంగతి తేల్చారు. పై ర్యాంకు వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో ఎక్కువ పేరు, ఎక్కువ రికార్డింగులు దక్కాయి. ఆ ర్యాంకులో చీటీ వాటా ఉన్నా దక్కాయి. పోటీ ప్రతిభను కొలవడమే కాదు, భవిష్యత్తును కూడా పంచిపెడుతుంది. కాబట్టి "ఎలిమినేట్ చెయ్యడం అన్యాయమండీ" అన్న టీ కొట్టు వాదన అంత తేలిగ్గా కొట్టెయ్యాల్సింది కాదు. మన దగ్గర రెండో స్థానంలో ఆగిన కారుణ్య సినిమా గాయకుడిగా నిలదొక్కుకోవడం, ర్యాంకు ఒక్కటే అంతిమం కాదని కూడా చెబుతోంది.

సిగ్గు ఎక్కడ పుట్టింది?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇంత సహజమైన ఆనందానికి ఈ దాపరికం ఎందుకు?

2014లో చార్లెస్ మెకాయ్, రోస్కో స్కార్‌బరో అనే సామాజిక శాస్త్రవేత్తలు, తాము 'చెత్త' అనుకునే టీవీ కార్యక్రమాలనే చూసే 40 మందితో మాట్లాడారు. వాళ్ళు తమను తాము సమర్థించుకునే పద్ధతులు కొన్ని బయటపడ్డాయి. కొందరు ఎగతాళి కోసం చూస్తున్నామంటారు. కొందరు ఆ అతిలోనే ఒక అందం ఉందని మెచ్చుకుంటారు. మిగిలినవాళ్ళు ఇష్టంగా చూస్తారు, చూసినందుకు నొచ్చుకుంటారు. ఈ రకాలన్నీ మన క్యాంపస్‌లో సులువుగా దొరుకుతాయి. ఒకడు మీమ్‌ల కోసం చూస్తాడు. ఒకామె "టీవీలో తెలుగుతనం ఎలా తయారవుతుందో పరిశీలిస్తున్నా" అంటుంది. ఇంకొకడు తలుపేసుకుంటాడు.

సిగ్గుకు మూలం అభిరుచుల నిచ్చెన. మన నిచ్చెన పై మెట్టు మీద త్యాగరాజ కీర్తన, కింద సినిమా పాట, ఇంకా కింద సినిమా పాటను పాడే పోటీ, అన్నిటికన్నా అడుగున ఆ పోటీని చూసి కళ్ళు తుడుచుకునే ప్రేక్షకుడు. ఈ మెట్లు స్వరాలు వేసినవి కావు, హోదాలు వేసినవి. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్డ్యూ 1979లోనే ఈ మాట లావుపాటి పుస్తకంగా రాశాడు. మనం ఏం మెచ్చుకుంటామో అన్నదాని కన్నా, ఎవరికి వేరుగా కనిపించాలనుకుంటామో అన్నదే అభిరుచిని నడిపిస్తుందన్నది ఆయన వాదం. "అది ఆడవాళ్ళు చూసే ప్రోగ్రాం" అన్న మాటలో ఉన్నది ఆ హోదా లెక్కే. క్రికెట్‌లో చివరి ఓవర్‌కు అరిచేవాడికి లేని సిగ్గు, చివరి చరణానికి చెమ్మగిల్లేవాడికి ఉండాల్సిన కారణం శాస్త్రంలో ఎక్కడా లేదు.

సిగ్గుకు ఒక ఖరీదు కూడా ఉంది. లియోనార్డ్ రైనెకె, టిలో హార్ట్‌మన్, అలిసన్ ఈడెన్ 2014లో 471 మందిని అడిగి చూశారు. పనిలో బాగా అలిసిపోయిన రోజునే జనం టీవీ, వీడియో గేమ్‌లను 'పని ఎగ్గొట్టడం'గా భావించి నొచ్చుకుంటున్నారు. నొచ్చుకున్నవాళ్ళకు ఆ కాలక్షేపం వల్ల తేరుకోవడమూ తక్కువే. ప్రశ్నావళితో తేలిన సంబంధం కాబట్టి ఏది కారణం, ఏది ఫలితమని గట్టిగా అనలేం. లెక్క మాత్రం బాధాకరమైనది. విశ్రాంతి ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే అది తక్కువ దక్కుతోంది. థీసిస్ చాప్టర్ ఆలస్యమైన రాత్రి గంటసేపు పాటలు చూసి, ఆ గంటంతా తనను తాను తిట్టుకున్న స్కాలర్‌కు చాప్టరూ ముందుకు సాగదు, పాటా దక్కదు.

నిజంగా నొచ్చుకోవాల్సినవి మాత్రం వేరే ఉన్నాయి. ఆడిషన్లలో పాడలేనివాణ్ణి పిలిచి, వెక్కిరించి, ఆ ముక్కను ప్రోమోగా తిప్పడం ఒకటి. స్టీవెన్ రైస్, జేమ్స్ విల్ట్‌జ్ 2004లో రియాలిటీ షోల ప్రేక్షకులను పరీక్షిస్తే, తాము ముఖ్యులమనిపించుకోవాలన్న కోరిక, కక్ష తీర్చుకోవాలన్న కోరిక వాళ్ళలో మిగతావాళ్ళ కన్నా ఎక్కువ కనిపించాయి. పాడలేనివాణ్ణి చూసి నవ్వడం ఆ కోరికలకు మేత. పసిపిల్లల చేత వయసుకు మించిన పాటలు పాడించి, ఓడినప్పుడు వాళ్ళ ఏడుపును కెమెరా దగ్గరగా చూపించడం రెండోది. డాన్స్ షోలలో పిల్లలను పెద్దల చేష్టల్లో చూపించవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానెళ్ళకు సూచన పంపాల్సి వచ్చింది. పాటల షోలకు కూడా ఆ మర్యాద వర్తించాలి. వీటిని చూసి ఇబ్బందిపడితే అది మంచి మనసే. పాట చూసి పులకిస్తే అందులో ఇబ్బంది పడాల్సింది ఏమీ లేదు.

ఇంట్లోనే చెయ్యదగ్గ ప్రయోగం

ఈ అధ్యాయాన్ని నమ్మాల్సిన పని లేదు, పరీక్షించవచ్చు. వచ్చే ఎపిసోడ్‌కు ఇంట్లో నలుగురు కూర్చోండి. ఇద్దరు తెర చూస్తూ వినండి, ఇద్దరు వీపు తిప్పి కూర్చుని వినండి. ఒకరి మార్కులు ఒకరికి చెప్పకండి. మరుసటి వారం చోట్లు మార్చుకోండి. ఫోనులో చూసేవాళ్ళు ఒక పని అదనంగా చెయ్యవచ్చు. మొదట పాడినవాళ్ళ పాటను చివర్లో ఇంకోసారి పెట్టి, మళ్ళీ మార్కులు వెయ్యండి. నాలుగు వారాల కాగితాలు పక్కపక్కన పెడితే మీ ఇంట్లో కంటి వాటా ఎంత, వరస వాటా ఎంత, చెవి వాటా ఎంత అని స్థూలంగా తెలిసిపోతుంది. నలుగురితో చేసింది సైన్సు పత్రికకు పనికిరాదు కాని, మీ ఓటుకు పనికొస్తుంది.

ఓటు వేసే పోటీ అయితే ఒక్క మనవి. మీ ఊరివాడనో, మీ భాషవాడనో, వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడనో వేస్తే వెయ్యండి, అది మీ ఇష్టం. వేసేముందు ఒక్కసారి, బొమ్మ ఆపి పాట మాత్రం వినండి. జడ్జి నోరు విప్పకముందే మీ మార్కు కాగితం మీద రాసుకోండి. ఇక రేపు ఎవరైనా రాత్రి ఏం చూశారని అడిగితే, పాటల పోటీ చూశామని చెప్పండి. ఎవరికి ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు వేశారో కూడా చెప్పండి.